కొట్టేసిన వాక్యం

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. మూడు రోజులుగా మబ్బు ఊరి నెత్తిన అలాగే కూర్చుంది, పొమ్మనలేని చుట్టంలా. మిద్దెల మీద ఆరేసిన బట్టలు ఆరకుండా, అలాగని తడవకుండా, గాలి లేక ఊరికే వేలాడుతున్నాయి.

సైకిల్ షాపు పక్కనున్న మెట్ల దగ్గర విలేకరమ్మ సంచీ భుజం మార్చుకుంది. పదిహేడు మెట్లు. నిరుడు ఒక్క ఊపున ఎక్కేది. ఇప్పుడు ఏడో మెట్టు దగ్గర మోకాలు ఆగమంటుంది.

"ఇవాళ ఎవరి కొంప అంటిస్తున్నావమ్మా?" షాపు ముసలాయన చక్రం తిప్పుతూ, తలెత్తకుండానే అడిగాడు.

"మీదే బాబాయ్. సామాను బయట పెట్టుకోండి."

"నాకు కొంపెక్కడ ఏడిసింది? ఉన్నది ఈ కొట్టే. దాని నెత్తిన నువ్వు కూర్చున్నావు."

ఆమె పత్రిక మానేసి ఇరవై రెండేళ్లయింది. అయినా అందరికీ విలేకరమ్మే. పోలీసులకూ అంతే, కోర్టు బంట్రోతులకూ అంతే. సొంత తమ్ముడు కూడా ఫోన్ చేసి, "విలేకరమ్మగారు ఖాళీగా ఉన్నారా, అపాయింట్‌మెంటు ఇప్పిస్తారా?" అని ఎకసెక్కమాడతాడు. కట్టుకున్నవాడు మాత్రం ఎకసెక్కం ఆడలేదు. ఆరేళ్లు ఓర్చుకుని, "నీతో కాపురమంటే ఊళ్లోవాళ్ల కాపురాలన్నీ మనింట్లోనే ఉంటాయి. నాకు పడుకోవడానికి చోటు దొరకట్లేదు" అని, నెమ్మదిగా, పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదని ఆమెకు అప్పుడే తెలుసు.

పైన రెండు గదులు. ముందు గదిలో బల్ల, పొడవాటి చెక్క బెంచీ, తలుపు సరిగా పడని ఇనప బీరువా. బీరువా నిండా సాయం కోసం వచ్చిన ఆడవాళ్ల కేసుల ఫైళ్లు. గెలిచినవాటిని వేళ్ల మీద చెప్పొచ్చు, మిగతావన్నీ బీరువాలోనే ఉన్నాయి. వెనక గదిలో పొయ్యి, రెండు మంచాలు. ఎటూ పోలేక వచ్చినవాళ్లకు ఒక మంచం, రెండోది బొత్తాలక్కది.

బొత్తాలక్క అప్పటికే టీ కాచి గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆమె విలేకరమ్మ కంటే రెండేళ్లు పెద్దది, మనిషి మాత్రం గట్టి.

"పదకొండుకు కదా విచారణ?"

"పదకొండుకే. ఆ లాండ్రీ పిల్ల ఎనిమిదికి వస్తానంది, చదివించుకోవడానికి."

"నీ మొహం చూస్తే విచారణ అయిపోయి ఓడిపోయి వచ్చినట్టుంది. టీ తాగు."

చదివించుకోవడమంటే ఆ ఆఫీసులో ఒక పద్ధతి. వచ్చిన ఆడమనిషి చెప్పినదంతా విలేకరమ్మ మొదట నోటుపుస్తకంలో తన సొంత షార్ట్‌హ్యాండ్ గీతల్లో రాసుకుంటుంది. తర్వాత మామూలు అక్షరాల్లో ఎత్తి రాసి, ఆ మనిషినే ఎదురుగా కూర్చోబెట్టి పైకి చదువుతుంది, ఒక్కో వాక్యం. వద్దన్న వాక్యాన్ని నల్ల సిరాతో, కింద అక్షరం కనపడకుండా కొట్టేస్తుంది. నోటుపుస్తకంలోనూ కొట్టేస్తుంది. ఎందుకు వద్దని అడగదు. లాయర్లు నెత్తి కొట్టుకుంటారు. "మంచి పాయింటు తీసుకెళ్లి కాలవలో పోశావమ్మా" అంటారు. అయినా ఆ పద్ధతి మారలేదు.

ఆ పద్ధతి ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు సన్మానం చేసే సభల్లో ఎవరూ చెప్పరు. సభల్లో చెప్పేది వేరు. పత్రికాఫీసులో మొదటి ఆడమనిషి అని చెబుతారు. అది నిజమే. ఆ ఆఫీసులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేక పక్క బ్యాంకుకు పోయేది, బ్యాంకు మూసేవేళకల్లా పనులన్నీ ముగించుకునేది. అల్లికల గురించి, చర్మానికి పూసే పూతల గురించి నాలుగేళ్లు రాసి, కొట్లాడి కోర్టు వార్తలకు మారింది. అదీ నిజమే. ఒక బాధితురాలి కోసం ఎడిటర్ మొహాన పెన్ను విసిరి బయటికొచ్చిందని కూడా చెబుతారు. అది మాత్రం నిజం కాదు.

ఆ మాట విన్నప్పుడల్లా బొత్తాలక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. "పెన్ను విసిరే మనిషే! పొద్దున వస్తూనే నా పెన్నేదీ నా పెన్నేదీ అని గదంతా తవ్విపోస్తుంది."

జరిగిందిది. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఒకామెను చెరబట్టబోయాడు. ఆమె విలేకరమ్మకు అంతా చెప్పింది, పేరు రాయొద్దంది. విలేకరమ్మ పేరు మార్చింది, ఊరు మార్చింది. కానీ మనిషి కళ్లకు కట్టాలి కదా అని, ఆమె ఎడమ చేత్తో కత్తెర పట్టి దారం ఎలా తెంపుతుందో రాసింది. ఆ వాక్యం చదివి ఎడిటర్ భుజం తట్టాడు. విలేకరమ్మ కూడా ఆ వాక్యాన్ని మూడుసార్లు చదువుకుంది. ఆ ఫ్యాక్టరీలో మూడు వందల మంది ఆడవాళ్లుంటే ఎడమ చేత్తో కత్తెర పట్టే మనిషి ఒక్కతే. పేపరు వచ్చిన రోజు మధ్యాహ్నం భోజనాల గంటకల్లా అందరికీ తెలిసిపోయింది. సాయంత్రానికి పని పోయింది. రెండు రోజులకు మొగుడు ఆమె బట్టలు వీధిలో పడేశాడు.

"పేరు మార్చాం కదా, ఇంకేం చేస్తాం?" అన్నాడు ఎడిటర్. విలేకరమ్మ పెన్ను విసరలేదు. ఆ తర్వాత కూడా ఎనిమిది నెలలు అక్కడే పనిచేసింది. ఆ ఎనిమిది నెలలూ ఆమెను వెతికింది. చివరికి ఊరవతల ఒక దూరపు చుట్టం ఇంటి అరుగు మీద చొక్కాలకు బొత్తాలు కుడుతూ కనపడింది. విలేకరమ్మ అరుగు కిందే నిలబడిపోయింది. ఆమే అంది, సూది ఆపకుండా: "బాగా రాశావు. నాకే ఏడుపొచ్చింది. అచ్చేసేముందు నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

ఆమే బొత్తాలక్క. మరుసటి నెల ఇద్దరూ ఈ గదులు తీసుకున్నారు.

ఎనిమిదీ పదికి ఇస్త్రీ పిల్ల వచ్చింది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ దగ్గర పని. ఇరవై నాలుగేళ్లుంటాయి. ముంజేతుల మీద ఆవిరి కాల్చిన మచ్చలు. బెంచీ చివర కూర్చుంది, ఎవరో లెమ్మంటారన్నట్టు.

"మీ ఆయన రాలేదా?"

"చూద్దాంలే అన్నాడండీ. ఆయన దేనికైనా చూద్దాంలే అంటాడు. పెళ్లిచూపుల్లో కూడా అదే అన్నాడంట."

వెనక గదిలోంచి బొత్తాలక్క నవ్వు వినపడింది. పిల్ల కూడా కొంచెం నవ్వింది. విలేకరమ్మ కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

మేస్త్రీ దుప్పట్లు లెక్కపెట్టాలని సరుకు గదిలోకి పిలవడం. లోపలి గడియ పెట్టడం. చెయ్యి పట్టుకోవడం, తర్వాతివి. పిల్ల తలొంచుకుని ఊఁ కొడుతోంది. రెండు చోట్ల చిన్న చిన్న మాటలు వద్దంది. విలేకరమ్మ కొట్టేసింది. తర్వాత వాక్యం: అప్పుడు మా వదిన వచ్చి తలుపు బాదింది, మేస్త్రీ గడియ తీశాడు, నా జాకెట్టు చిరిగి ఉండడం ఆమె చూసింది.

"అది వద్దండీ."

విలేకరమ్మ చదవడం ఆపింది. అడగకూడదు. ఇరవై రెండేళ్లలో అడగలేదు. ఇవాళ అడిగింది.

"తల్లీ, ఇదొక్కటే సాక్ష్యం. ఇది లేకపోతే నీ మాట నీది, వాడి మాట వాడిది."

"తెలుసండీ." పిల్ల ముంజేతి మచ్చ గీరుకుంది. "వదిన రాత్రి మా ఇంటికొచ్చింది. కాళ్లు పట్టుకుందండీ. మా ఆయనకు అక్క, నన్ను పనిలో పెట్టించిందే ఆమె, నా కాళ్లు పట్టుకుంది. ఆమె సాక్ష్యం చెబితే, నీకా తలుపు సంగతి ఎలా తెలుసని అడుగుతారు. రెండేళ్ల కింద ఆమెను కూడా..." ఆగింది. "వాళ్లాయనకు తెలీదు. ఆయన మా ఆయన లాంటోడు కాదండీ. తెలిస్తే ఆమెకు ఇల్లుండదు. పేరు ఎత్తనని మాటిచ్చాను."

కింద ముసలాయన ఏదో ఇనుము మీద సుత్తి వేస్తున్నాడు.

విలేకరమ్మ సిరా పెన్ను తీసుకుని ఆ వాక్యాన్ని కొట్టేసింది. ఒకసారి, రెండుసార్లు, కాగితం తడిసిపోయేదాకా. తర్వాత నోటుపుస్తకం తెరిచింది. ఆ పేజీలో ఆ వాక్యం షార్ట్‌హ్యాండ్‌లో ఒకటిన్నర వరుస గీతలు, ఆమెకు తప్ప ఎవరికీ అర్థం కాదు. పెన్ను దాని మీద పెట్టింది. పెట్టి, తీసేసింది. పుస్తకం మూసి సంచీలో వేసుకుంది.

గుమ్మంలో బొత్తాలక్క గిన్నె తుడుస్తూ నిలబడి ఉంది. చూసింది. గిన్నె చాలాసేపు తుడిచింది.

బస్సులో ఇద్దరూ నిలబడే వెళ్లారు. లాండ్రీ వాసన వీధి మలుపు నుంచే మొదలైంది, తడి గుడ్డ, సోడా, కాలిన నూలు. లోపల మాట వినపడదు. పెద్ద పీపాలు తిరుగుతున్నాయి. తెల్ల దుప్పట్లు ఇనప రోలర్ల మధ్య నుంచి ఆవిరి కక్కుతూ వస్తుంటే అటు ఇద్దరు, ఇటు ఇద్దరు పట్టుకుని లాగుతున్నారు. ఇస్త్రీల దగ్గర నలభై మంది ఉంటారు. ఒక్కరూ తల తిప్పలేదు. చూడనట్టు నటించడానికి ఎంత కష్టపడుతున్నారో వాళ్ల మెడలే చెబుతున్నాయి.

విచారణ మేడ మీద, మేనేజరు గదిలో. గదికి ఒకవైపు నిలువెత్తు అద్దం. అందులోంచి కింద పని జరిగేదంతా కనపడుతుంది. మడతల బల్ల దగ్గర ఉన్నామె వదినేనని పిల్ల చెప్పనక్కర్లేకపోయింది. ఆమె ఒక్కతే పైకి చూస్తోంది.

విచారణకు ముగ్గురు. మేనేజరు, ఆఫీసు గుమాస్తా, బయటినుంచి పిలిపించిన రిటైరయిన హెడ్మిస్ట్రెస్. ఆమెదే పెద్దరికం. మేస్త్రీ గోడవార కుర్చీలో శుభ్రమైన చొక్కాతో, ఒళ్లో జేబురుమాలు నాలుగు మడతలు పెట్టుకుని కూర్చున్నాడు.

"నా కూతురి ఈడుదండీ," అన్నాడు అతను. గొంతు పెంచలేదు. "ఆరు దుప్పట్లు మాడ్చింది. అందరి ముందూ నాలుగు మాటలన్నాను. అది నా తప్పే. ఆ కసితో ఇంత పని చేస్తుందనుకోలేదు."

"మాడ్చింది మూడు," అంది ఇస్త్రీ పిల్ల. "అవి కూడా ఆ గదిలోంచి వచ్చాక. చేతులు వణికి."

హెడ్మిస్ట్రెస్ కాగితం మొత్తం చదివింది. నల్ల సిరా మరకల దగ్గర వేలు పెట్టి ఆగింది. బళ్లో పిల్లల కాగితాలు దిద్దిన వేలు.

"అమ్మాయ్, ఎవరైనా చూశారా?"

"లేదండీ."

"గడియ ఎవరు తీశారు? నువ్వెలా బయటికొచ్చావు?"

"అతనే తీశాడండీ."

"ఊరికే తీశాడా?"

పిల్ల తలొంచుకుంది. మేస్త్రీ జేబురుమాలు మడత విప్పి మళ్లీ మడిచాడు. హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసి విలేకరమ్మ వైపు తిరిగింది.

"మీ గురించి విన్నాను. అన్నీ రాసుకుంటారట, మీ పుస్తకం లాయర్ల ఫైలు కంటే నయమట. ఉన్నమాట చెబుతున్నాను, నాకు ఈ అమ్మాయి మీద నమ్మకం ఉంది. కానీ నమ్మకం ఉందని తీర్పులో రాయలేను కదా. ఒక్క మనిషి పేరు చాలు, ఇప్పుడే పిలిపిస్తాను. మీ పుస్తకంలో ఇంకేమైనా ఉందా?"

విలేకరమ్మ సంచీలోంచి పుస్తకం తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే సరిగా తెలియదు. చేతికి అలవాటు. ఆ పేజీ దగ్గరే తెరుచుకుంది.

ఒకటిన్నర వరుస. అది పైకి చదివితే మేస్త్రీ రేపు ఇక్కడ ఉండడు. కింద నలభై మంది. ఇవాళ కాకపోతే వచ్చే నెల వాళ్లలో ఒకతెను దుప్పట్లు లెక్కపెట్టడానికి పిలుస్తాడు. ఆ ఒకతె ఏ మెట్లు ఎక్కి వస్తుందో, ఎప్పుడు వస్తుందో, వస్తుందో రాదో. చదవకపోతే కాపాడేది ఒక్క మనిషి ఇంటిని. నలభైకి ఒకటి. ఎడిటర్ అయితే క్షణం ఆలోచించడు. ఆమెలో ఉన్న పాత విలేకరి కూడా ఆలోచించదు. విలేకరమ్మకు ఒళ్లంతా అలసటగా ఉంది. ఇంకెవరైనా వచ్చి ఈ పుస్తకం లాక్కుని చదివేస్తే బాగుండుననిపించింది. లాక్కున్నా వాళ్లకు అర్థం కాదు. చదవగలిగింది ఆమె ఒక్కతే.

పక్కన పిల్ల తన చేతులకేసి చూసుకుంటోంది, విలేకరమ్మ వైపు కాదు. అద్దానికి అవతల, కింద, వదిన దుప్పటి మడత సగంలో ఆపేసి పైకి చూస్తూనే ఉంది.

"లేదండీ," అంది విలేకరమ్మ. "ఆమె చెప్పిందే ఉంది."

హెడ్మిస్ట్రెస్ ఆమెకేసి ఒక్క క్షణం ఎక్కువే చూసింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని రాసింది. రుజువు కాలేదు.

"ఒక్క సంగతి," అంది విలేకరమ్మ. "ఆ సరుకు గదికి లోపలివైపు గడియ ఎందుకు? దుప్పట్లు పారిపోతాయా? తీయించండి."

"గడియదేముందమ్మా," అన్నాడు మేనేజరు. గండం గట్టెక్కిన నవ్వు. "ఇప్పుడే తీయిస్తాం." నిజంగానే వడ్రంగిని పిలిచాడు. అందరూ వెళ్లి చూశారు. వడ్రంగి నాలుగు మరలు విప్పి, గడియ చేతిలో పెట్టుకుని, ఇది ఎవరికివ్వాలని ఒక్కొక్కరి మొహం చూశాడు. ఎవరూ చెయ్యి చాపలేదు. మేస్త్రీ మళ్లీ పనిలోకి వెళ్లిపోయాడు.

గేటు బయట గోడవార విలేకరమ్మ ఆగింది. పుస్తకంలోంచి ఆ పేజీ చింపింది. ముక్కలు చేసి, ఆ ముక్కలను మళ్లీ ముక్కలు చేసి, లాండ్రీ నుంచి వచ్చే వేణ్ణీళ్ల కాలవలో వేసింది. ఆవిరిలో కాసేపు తేలి, నాని, మునిగాయి.

"మీ పుస్తకంలో అది ఇంకా ఉందని నాకు తెలుసండీ," అంది పిల్ల. "పొద్దున మీరు కొట్టెయ్యడం ఆపడం చూశాను."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగితే మిమ్మల్ని నమ్మనట్టు ఉంటుంది కదండీ." కొంచెం ఆగింది. "చెప్పేసేవాళ్లా?"

విలేకరమ్మకు అబద్ధం చెప్పే ఓపిక లేదు. "తెలీదు తల్లీ."

పిల్ల తలూపింది. అంతకంటే మంచి జవాబు వస్తుందని ఎదురుచూసినట్టు లేదు. "రేపట్నుంచి నాకు పని ఉంటుందాండీ?"

"ఉంటుంది. వాళ్లు పంపించరు. నువ్వే పోయేలా చేస్తారు, మెల్లిగా. బరువు దుప్పట్ల దగ్గరికి మారుస్తారు. పోవద్దు. ప్రతి శనివారం నా దగ్గరికి వచ్చి ఏం జరిగిందో చెప్పు. రాసుకుంటాను."

"మళ్లీ చదువుతారా?"

"చదువుతాను."

బస్సులో ఇద్దరికీ చోటు దొరికింది. పిల్ల కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. విలేకరమ్మ ఆమె తల కదలకుండా భుజం ఇటు జరిపింది.

బొత్తాలక్క మెట్ల మీది అడుగుల చప్పుడుకే సంగతి పోల్చుకుంది. "పోయిందా?"

"పోయింది."

"పుస్తకం?"

"చింపేశాను. కాలవలో."

బొత్తాలక్క ఆమె మొహం చూసింది. పొద్దుట్నుంచి ఆ మాట కోసమే గిన్నెలు తుడిచినట్టుంది. "సరే. కాళ్లు కడుక్కోండి ఇద్దరూ. అన్నం చల్లారిపోతోంది." అని, వెళ్తూ వెళ్తూ, "ఎనిమిది నెలలు పట్టలేదు ఈసారి," అంది. ఎత్తిపొడుపో మెచ్చుకోలో గొంతులో తేలలేదు. విలేకరమ్మ కూడా తేల్చుకోదలచలేదు.

పళ్లాలు పెడుతుండగా మెట్ల మీద ఎవరో ఎక్కుతున్నారు. మధ్యలో ఆగి, దిగబోయి, మళ్లీ ఎక్కుతున్నారు. గుమ్మంలో వదిన నిలబడింది. నలభై దాటిన మనిషి. లాండ్రీ నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది, చేతిలో టిఫిన్ డబ్బా.

"ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చాను," అంది. ఎవరూ అడగకుండానే. తర్వాత పిల్లకేసి చూసింది. "నన్ను పిలుస్తారేమోనని చూస్తూనే ఉన్నానే. పిలవలేదు."

"పిలవరని చెప్పాగా వదినా."

"చెప్పావు." డబ్బా ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. "వాడు కిందికొచ్చి నా బల్ల దగ్గరే నిలబడ్డాడు. దుప్పట్లు సరిగా మడవమన్నాడు. నవ్వుతూ చెప్పాడే."

వదిన డబ్బా రెండు చేతులా పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. విలేకరమ్మకు ఆ క్షణాన ఒకటి అడగాలనిపించింది. ఒక్క ప్రశ్న చాలు, ఈ మనిషి కరిగిపోతుంది, చెప్పేస్తుంది, సంతకం కూడా పెట్టేస్తుంది. ముప్ఫయ్యేళ్ల అనుభవానికి ఆ సందు స్పష్టంగా కనపడుతోంది. సాయంత్రం ఇంటికెళ్లాక ఆ సంతకం ఈమెను ఏం చేస్తుందో కూడా కనపడుతోంది. నోటుపుస్తకం ఉన్న సంచీని కాలితో బెంచీ కిందికి నెట్టింది.

"లోపలికి రామ్మా," అంది. "తిన్నావా?"

వదిన తల అడ్డంగా ఊపింది.

బొత్తాలక్క నాలుగో పళ్లెం తెచ్చి నేల మీద పెట్టింది. నలుగురూ పొయ్యి గదిలో గోడవార కూర్చున్నారు. వదిన డబ్బా మూత తీసింది. పొద్దున కట్టుకున్నది కట్టుకున్నట్టే ఉంది. సగం తీసి మరదలి పళ్లెంలో వేసింది. పిల్ల వద్దనలేదు. బొత్తాలక్క కూర గిన్నె పక్కకు జరిపింది, విలేకరమ్మ అందులోంచి వదినకు వడ్డించింది. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. వేళ్ల చప్పుడు, నీళ్ల గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. నలుగురూ తలలు వంచుకుని, పెట్టిందంతా తిన్నారు.